కబేళా నీరు కలిసే చోట ఆక్సిజన్ బాగానే ఉంటే, దిగువన చేపలు ఎందుకు చస్తున్నాయి?

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. కబేళా కాలువ నదిలో కలిసే చోట మీరు కొలిస్తే నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు వచ్చింది. ఆ అంకె చూస్తే నది ఆరోగ్యంగానే ఉన్నట్టు. కానీ రెండు మూడు కిలోమీటర్ల దిగువన తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి, కొన్ని చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. యాజమాన్యాన్ని అడిగితే "మేం వదిలేది రక్తం, పేడ, కడిగిన నీళ్లు. రసాయనాలేం కావు. నది తనే శుభ్రం చేసుకుంటుంది" అన్నారు. మీ కొలతలో తప్పుందా, లేక చేపలు వేరే దేనివల్లయినా చస్తున్నాయా అన్నది మీ సందేహం.

కొలతలో తప్పు లేదు, కొలిచిన చోటుతోనే ఇబ్బంది. చాలాకాలం నదుల నీటి పరీక్షలు చేసినవాడిగా ఒక మాట గట్టిగా చెప్పగలను. కబేళా నీరు చేసే నష్టం గొట్టం మూతి దగ్గర కనబడదు. కొంత దూరం పోయాక, కొంత సమయం గడిచాక బయటపడుతుంది. గొట్టం దగ్గర మాత్రమే కొలిచి "అంతా బాగుంది" అని రాసుకొచ్చిన రిపోర్టులు చాలా చూశాను. అందులో అంకెలు నిజమే, కానీ వాటిని బట్టి నది బాగుందనుకోవడం తప్పు.

ఎందుకంటే రక్తం నీటిలో పడగానే ఆక్సిజన్‌ను తినెయ్యదు. తినేది బ్యాక్టీరియా. రక్తంలోని ప్రొటీన్లు, కొవ్వు, పేడలోని సేంద్రియ పదార్థం వాటికి ఆహారం. ఆ ఆహారం దొరికాక అవి పెరిగి, పదార్థాన్ని కుళ్లబెడుతూ ఆక్సిజన్ వాడుకోవడానికి గంటలు, రోజులు పడుతుంది. ఈలోగా నీరు ఆగదు కదా. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో పారే నది ఒక్క రోజులో దాదాపు 26 కిలోమీటర్లు పోతుంది. ఎండాకాలంలో నీరు తగ్గి సెకనుకు 5 సెంటీమీటర్లకు పడిపోతే రోజుకు 4 కిలోమీటర్లు దాటి కొంచెం. మీరు చెప్పిన రెండు మూడు కిలోమీటర్ల దూరాన్ని బట్టి చూస్తే మీ నది ఇప్పుడు ఈ రెండో స్థితిలో ఉన్నట్టుంది.

బీఓడీకీ, కరిగిన ఆక్సిజన్‌కూ తేడా ఇక్కడే పట్టుకోవాలి. కరిగిన ఆక్సిజన్ అంటే నది చేతిలో ఇప్పుడున్న డబ్బు. బీఓడీ అంటే నీటిలోని వ్యర్థాన్ని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్, అంటే నది తీర్చాల్సిన అప్పు. గొట్టం దగ్గర మీరు చేతిలోని డబ్బు లెక్కపెట్టారు, అప్పు చూడలేదు. దిగువకు పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, ఒకచోట అట్టడుగుకు చేరి, గాలిలోంచి కరిగే ఆక్సిజన్‌తో మళ్లీ నెమ్మదిగా పెరుగుతుంది. ఈ వంపును లెక్కల్లో పెట్టినవాళ్లు స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు పరిశోధకులు. 1925లో అమెరికాలోని ఒహాయో నది మీద చేసిన పనిలో వాళ్లు చూపిన సమీకరణమే నేటికీ నదుల నమూనాలకు పునాది. మీ చేపలు చస్తున్న చోటు ఆ వంపు అట్టడుగున గానీ, దానికి దగ్గర్లో గానీ ఉండాలి.

"రక్తమే కదా" అన్న మాటకు కొన్ని అంకెలతో జవాబు చెబుతాను. మామూలు ఇళ్ల మురుగునీటి బీఓడీ లీటరుకు 200 నుంచి 300 మి.గ్రా. ఉంటుంది. కబేళాల్లో కడిగిన నీళ్లన్నీ కలిశాక కూడా అది వేలల్లో ఉండటం మామూలే. ఏమీ కలపని పచ్చి రక్తం బీఓడీ లీటరుకు లక్షన్నర మి.గ్రా. దాటుతుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న మంచినీటిలో కరిగే ఆక్సిజన్ ఎంతో చూడండి, లీటరుకు సుమారు 7.5 మి.గ్రా. మాత్రమే. అంటే ఒక్క లీటరు రక్తం కుళ్లడానికి 20,000 లీటర్ల నీటిలోని మొత్తం ఆక్సిజన్ కావాలి. పెద్ద పశువు ఒకదాని నుంచి కారే రక్తం పది లీటర్ల పైనే ఉంటుంది. అందులో సగం కాలువలోకి పోయినా లక్ష లీటర్ల లెక్క. గాలి నుంచి ఆక్సిజన్ మళ్లీ కరుగుతుందిగా అంటారు. కరుగుతుంది, కానీ లోతుగా, నిదానంగా పారే నీటిలో అది చాలా మెల్లగా జరిగే పని. పైగా నీరు వేడెక్కేకొద్దీ రెండు వైపులా దెబ్బే. నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, బ్యాక్టీరియా మాత్రం ఇంకా వేగంగా తింటుంది.

నది తనే శుభ్రం చేసుకుంటుందన్న మాటలో కొంత నిజం ఉంది, కాదనను. అయితే అది నదిలో ఎంత నీరుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక లెక్క వేసుకుందాం. నదిలో సెకనుకు 1,000 లీటర్ల నీరు పారుతోంది, దాని బీఓడీ లీటరుకు 2 మి.గ్రా. అనుకోండి. కబేళా నుంచి సెకనుకు 10 లీటర్లు 3,000 బీఓడీతో కలుస్తోంది. కలిసిన నీటి బీఓడీ దాదాపు 32 అవుతుంది. అదే నది ఎండాకాలంలో సెకనుకు 100 లీటర్లకు తగ్గితే? అదే కాలువ, అదే నీరు, కానీ బీఓడీ 270 దాటుతుంది. అది నది కాదు, ఇళ్ల మురుగు పారే కాలువ. వానాకాలంలో ఏ ఫిర్యాదూ రాలేదు కాబట్టి కబేళా బాగా నడుస్తోందనుకుంటే పొరపాటే. నాకు తెలిసిన చోట్ల అనుమతులిచ్చేటప్పుడు సగటు ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోవడమే పెద్ద లోపం. చేప బతకాల్సింది సగటు రోజున మాత్రమే కాదు, నీరు అతి తక్కువగా ఉన్న వారంలో కూడా.

ఇక అమ్మోనియా. మీ పరీక్షల పట్టికలో ఇది లేదు, వెంటనే చేర్చండి. నా దృష్టిలో బీఓడీ ఎంత ముఖ్యమో ఇదీ అంతే. ప్రొటీన్‌లో దాదాపు 16 శాతం నత్రజని. రక్తం, మాంసం తునకలు కుళ్లినప్పుడు ఆ నత్రజని అమ్మోనియాగా బయటకొస్తుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా వేరే ఉంది, అది నెమ్మదిగా పెరుగుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారాలంటే 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. కాలువ నీటిలో లీటరుకు 200 మి.గ్రా. నత్రజని ఉంటే దానికే 900 మి.గ్రా. పైగా ఆక్సిజన్ అప్పు ఉన్నట్టు. 5 రోజుల బీఓడీ పరీక్షలో ఇది చాలావరకు కనబడదు, ఎందుకంటే ఆ బ్యాక్టీరియా పుంజుకునేలోపే పరీక్ష అయిపోతుంది. నదిలో మాత్రం అవుతుంది, ఇంకా కింద, రెండో దెబ్బగా. ఒక చోట ఆక్సిజన్ కోలుకుంటున్నట్టు కనబడి, ఆ తర్వాత మళ్లీ తగ్గిందంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

ఆక్సిజన్ సంగతి పక్కన పెట్టినా అమ్మోనియా చేపకు నేరుగా విషం. అయితే నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉంటే పెద్దగా హాని లేదు. అయాన్ కాని అమ్మోనియా మొప్పల్లోంచి లోపలికి పోయి చంపుతుంది. ఏది ఎంత అన్నది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే విషరూపం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. 8కి చేరితే 5 శాతం దాటుతుంది, 9 దగ్గర మూడో వంతు పైనే. కబేళా నీటిలోని నత్రజని, భాస్వరం తిని దిగువన నాచు బాగా పెరుగుతుంది. పగటి ఎండలో నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది. దాంతో మధ్యాహ్నం అమ్మోనియా విషమవుతుంది. రాత్రి అదే నాచు, బ్యాక్టీరియాతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. కాబట్టి తెల్లవారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలకు పగలొక దెబ్బ, రాత్రొక దెబ్బ. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి ఆక్సిజన్ కొలిస్తే 9, 10 కూడా రావచ్చు. అది చూసి సంబరపడకండి. మీరు చేపలను చూసింది తెల్లవారుజామున, కొలిచింది ఎప్పుడో మీ ప్రశ్నలో లేదు. పగలు కొలిచి ఉంటారనే అనుకుంటున్నాను.

"రసాయనాలేం లేవు" అన్నది కూడా పూర్తి నిజం కాదు. నేల, పరికరాలు కడగడానికి కాస్టిక్ సోడా, డిటర్జెంట్లు, క్లోరిన్ ఉన్న క్రిమిసంహారకాలు వాడతారు. తోళ్లకు ఉప్పు పట్టించే పని అక్కడే జరుగుతుంటే నీటిలో క్లోరైడ్ కూడా బాగా ఉంటుంది. ఇవేవీ రక్తమంత పెద్ద సమస్య కావు. కానీ పరీక్షలను తప్పుదారి పట్టిస్తాయి, అది చివర్లో చెబుతాను.

కొవ్వు, పేడ, పశువు కడుపులోని అరగని మేత చేసే పని వేరు. కొవ్వు పైన పొరలా పరుచుకుని గాలి నుంచి ఆక్సిజన్ కరగడాన్ని అడ్డుకుంటుంది. మేత పీచు, పేడ, వెంట్రుకలు, ఈకలు నీరు నెమ్మదించే మలుపుల్లో, మడుగుల్లో అడుగుకు చేరతాయి. అక్కడ ఆక్సిజన్ అందక మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. కుళ్లిన గుడ్ల వాసన దానిదే. అడుగు మట్టి నల్లబడటానికి ఇనుము సల్ఫైడ్ కారణం. ఈ బురద పైనున్న నీటిలోంచి ఆక్సిజన్ లాగుతూనే ఉంటుంది. కబేళాను ఇవాళ మూసేసినా అది రేపు ఆగదు. షికాగో ఉదాహరణ చెప్పాలి ఇక్కడ. అక్కడి యూనియన్ స్టాక్ యార్డ్స్ 1865లో మొదలై 1971 దాకా నడిచింది. వధ వ్యర్థాలు షికాగో నది దక్షిణ పాయకు చెందిన ఒక చిన్న శాఖలోకి పోయేవి. కుళ్లే రక్తం, పేగుల నుంచి వాయువులు బుడగలుగా పైకి రావడంతో దానికి బబ్లీ క్రీక్ అన్న పేరు స్థిరపడిపోయింది. గడ్డకట్టిన మురికి తెట్టు మీద ఒక మనిషి నిలబడి ఉన్న 1911 నాటి ఫొటో ఉంది. యార్డులు మూతపడి యాభై ఏళ్లు దాటినా అడుగు బురద నుంచి ఆ బుడగలు ఇంకా వస్తున్నాయి. కాబట్టి "ఇప్పుడు వదలనివ్వండి, తర్వాత బాగుచేసుకుందాం" అనే వాదన నేను ఒప్పుకోను.

మీటరు లేకపోయినా నది పరిస్థితి చెప్పగలిగే సాక్షులున్నాయి. మోకాలి లోతు నీటిలోకి దిగి అడుగున ఉన్న ఒక రాయిని తిరగేయండి. ఎగువన రాయి కింద మేఫ్లై, కాడిస్‌ఫ్లై లాంటి, ఆక్సిజన్ బాగా ఉన్న నీటిని కోరే కీటకాల పిల్లపురుగులు పాకుతూ ఉంటాయి. గొట్టానికి దిగువన అదే రాయి జిడ్డుగా, బూడిద రంగు దూది పీచుతో కప్పి ఉంటుంది. దాన్ని మురుగు బూజు అంటారు గానీ అందులో ఎక్కువ భాగం స్ఫీరోటిలస్ అనే బ్యాక్టీరియా. ఇంకా కింద, బురదలో ఎర్రటి పురుగులు గుంపులుగా కనబడితే అవి ట్యూబిఫెక్స్ పురుగులు గానీ, కైరోనమస్ ఈగ పిల్లపురుగులు గానీ అయి ఉంటాయి. వాటి ఎరుపు హిమోగ్లోబిన్ వల్లే. ఆక్సిజన్ దాదాపు లేని చోట బతకడానికి అది వాటికి అక్కరకొస్తుంది. మిగతా జాతులన్నీ పోయి ఇవొక్కటే వేల సంఖ్యలో ఉన్నాయంటే ఆ చోట ఆక్సిజన్ కరువు ఒక్క రాత్రిది కాదు, నెలల తరబడి ఉన్నది. ఒక్క శాంపిల్ ఆ క్షణాన్ని చెబుతుంది, పురుగులు గత కొన్ని నెలలను చెబుతాయి. మీ రిపోర్టులో వీటి ఫొటోలు, ఏ చోట ఏవి కనిపించాయన్న వివరాలు పెడితే దాన్ని కొట్టిపారేయడం కష్టం.

దిగువన ఆ నీరు తాగే ఊళ్లుంటే విషయం చేపలతో ఆగదు. పశువుల పేగుల నుంచి సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్, ఇ. కోలైలో ప్రమాదకరమైన రకాలు లాంటి బ్యాక్టీరియా, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వస్తాయి. ఈ చివరిది మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగదు. పైగా నీటి శుద్ధి కేంద్రంలో వేసే క్లోరిన్‌ను అమ్మోనియా ముందే పట్టేసుకుంటుంది. ఒక కిలో అమ్మోనియా నత్రజనికి 8 నుంచి 10 కిలోల క్లోరిన్ పోస్తే గానీ క్రిములను చంపడానికి స్వేచ్ఛగా క్లోరిన్ మిగలదు. అందుకని ఎక్కువ క్లోరిన్ వేస్తే, నీటిలో మిగిలిన సేంద్రియ పదార్థంతో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే హానికరమైన పదార్థాలు తయారవుతాయి. దిగువ శుద్ధి కేంద్రం వాళ్లను కలిసి క్లోరిన్ మోతాదు రిజిస్టర్ చూపించమని అడగండి. వాడకం హఠాత్తుగా పెరిగిన రోజులు, కబేళాలో పని ఎక్కువగా జరిగిన రోజులు కలుస్తాయేమో చూడండి.

పరిష్కారం ఏమిటని మీరు అడగలేదు, అయినా చెబుతాను. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. శుద్ధి ప్లాంటు కట్టడం కన్నా ముందు చేయాల్సింది రక్తాన్ని కాలువలోకి పోనివ్వకపోవడం. పశువును వేలాడదీసిన చోట రక్తం కారడానికి తగిన సమయం ఇవ్వాలి, ఏడు నిమిషాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. కింద తొట్టికి రెండు దారులుండాలి. కోత జరుగుతున్నంతసేపు రక్తం ట్యాంకు దారి తెరిచి ఉండాలి, మురుగు దారి మూసి ఉండాలి. తొట్టిలో మిగిలిందాన్ని రబ్బరు చీపురుతో ట్యాంకులోకి లాగాక మాత్రమే మురుగు దారి తెరిచి నీళ్లు కొట్టాలి. తనిఖీకి వెళ్తే నేను మొట్టమొదట చూసేది ఆ మూతనే. పని హడావుడిలో రెండూ తెరిచి వదిలేస్తే ఎంత మంచి ప్లాంటూ తట్టుకోలేదు. ఇలా పట్టిన రక్తాన్ని ఎండబెట్టి పొడి చేస్తే 12, 13 శాతం నత్రజని ఉన్న ఎరువు. కడుపులోని మేతను కూడా నీళ్లతో కొట్టుకుపోనివ్వకుండా పొడిగానే తీసి కంపోస్టుకు పంపాలి.

ఆ తర్వాతే ప్లాంటు. జల్లెడలు, కొవ్వు తీసే ట్యాంకు, గంట గంటకూ మారే నీటిని సమం చేసే ట్యాంకు, ఆపైన గాలి లేకుండా కుళ్లబెట్టే దశ, గాలి ఊదే దశ. గాలిలేని దశ లాభసాటి. తీసేసిన ప్రతి కిలో సీఓడీకి (వ్యర్థాన్ని రసాయనాలతో ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క) 0.35 ఘనపు మీటర్ల దాకా మీథేన్ వస్తుంది. కానీ చాలామంది అక్కడితో ఆపేస్తారు, అదే ప్రమాదం. ఆ దశలో బీఓడీ బాగా తగ్గుతుంది గానీ నత్రజని ఎక్కడికీ పోదు, ప్రొటీన్ రూపం నుంచి అమ్మోనియా రూపంలోకి మారుతుందంతే. కాగితం మీద బీఓడీ చూసి నీరు శుభ్రమైందంటారు, నదిలో చేపలు చస్తూనే ఉంటాయి. మీ కబేళాలో ప్లాంటు ఉందంటే, అమ్మోనియాను నైట్రేట్‌గా, ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చే దశలు ఉన్నాయా అని తప్పకుండా అడగండి.

ఇక మీరు మళ్లీ శాంపిళ్లు తీసేటప్పుడు ఇలా చేయండి. గొట్టానికి ఎగువన ఒక చోటు, గొట్టం నీరు, నీరు రెండు ఒడ్ల దాకా పూర్తిగా కలిసిన చోటు, అక్కడి నుంచి దిగువకు కొంత కొంత దూరంలో మరికొన్ని చోట్లు. ఒడ్డు వెంట ఎర్రటి చార కనబడుతున్నంత వరకు నీరు ఇంకా కలవలేదని గుర్తు. ఆక్సిజన్ కొలవాల్సింది సూర్యోదయానికి ముందు. గొట్టం నీటిని మాత్రం ఒక్కసారి పట్టుకొచ్చి వదిలేయొద్దు. కోత సమయంలో రక్తం, ఆ తర్వాత కడిగిన నీళ్లు, మరో గంటకు దాదాపు మంచినీళ్లు వస్తాయి. రోజంతా గంటగంటకూ తీసి, ప్రవాహాన్ని బట్టి కలపాలి.

మీటరు సెన్సర్‌కు కొవ్వు పడితే తప్పు చెబుతుంది. అందుకే ముఖ్యమైన చోట్ల, కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే 1888 నాటి వింక్లర్ పద్ధతిని కూడా తోడుగా వాడండి. గాలి బుడగ లేకుండా సీసా నింపి, పిపెట్ మొన నీటిలో ముంచి మాంగనీస్ సల్ఫేట్, తర్వాత అజైడ్ కలిపిన క్షార అయొడైడ్ వదిలి, మూత పెట్టి తిరగేస్తే మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమ రంగుకు తిరుగుతుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఆక్సిజన్ ఎంతో తేల్చే టైట్రేషన్ (చుక్కచుక్కగా రసాయనం వేసి కొలవడం) ల్యాబ్‌లో చేసుకోవచ్చు గానీ ఈ రంగు ఒడ్డు మీదే కనబడుతుంది, పక్కనున్నవాళ్లకూ చూపించవచ్చు.

బీఓడీకి పంపే గొట్టం నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటే అది పరీక్షలోని బ్యాక్టీరియాను చంపేసి బీఓడీ తక్కువ చూపిస్తుంది. సోడియం సల్ఫైట్‌తో క్లోరిన్ తీసి, బయటి నుంచి బ్యాక్టీరియా కలిపి పరీక్షించమని ల్యాబ్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ఉప్పు ఎక్కువుంటే సీఓడీ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది, దానికి మెర్క్యురిక్ సల్ఫేట్ సరిపడా వేశారో లేదో అడగండి. శాంపిళ్లను ఐసులో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. ప్రతి చోటా వేడి, పీహెచ్, మొత్తం అమ్మోనియా, ప్రవాహ వేగం రాసుకోండి. ఈ నాలుగూ లేకుండా అమ్మోనియా విషమా కాదా, ఆక్సిజన్ వంపు అడుగు ఎక్కడ అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ పట్టిక ఇక్కడ పెడితే మీ నదికి స్ట్రీటర్-ఫెల్ప్స్ వంపు గీయడంలో నేను సాయం చేస్తాను.